నాలుగో రాళ్ళకుప్ప

"సున్నం కలపమని మీకెవరు చెప్పారత్తయ్యా?"

జాక్లిన్ ఆ మాట అడగడం పొద్దుటినుంచి ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ కోపంగా అడిగింది. ఈసారి అలసిపోయి అడిగింది. కోపం కన్నా ఆ అలసటకే అమృతానికి ఎక్కువ భయం వేసింది.

భోజనాల బల్ల మీద ఉత్తరం విప్పి ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఉప్పు సీసా పెట్టారు. ఎగిరిపోతే బాగుండునని అమృతం మనసులో అనుకుంది.

"ఇంకోసారి చదవరా," అంది కొడుకుతో.

"ఎన్నిసార్లు చదివినా అదేనమ్మా." రాయప్ప కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నాడు. "క్రిస్మస్ లోపల ఇల్లు ఖాళీ చెయ్యమంటోంది ఇంటావిడ ఎడిత్ పామర్. కారణం రాయలేదు."

"రాయాలా?" అంది జాక్లిన్. "ఆదివారం హాస్పిటల్ నుంచి ఆవిణ్ణి మీరే కదా కార్లో తీసుకొచ్చారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, వారానికి ఒక్కసారి పుట్టిన ఇల్లు చూసుకోడానికి వస్తుంది. ఇంటి వెనక పెరటి వైపు చూసింది. అంతే. కారు దిగలేదు. టీ వద్దంది. ఐ హావ్ నెవర్ సీన్ హర్ లైక్ దట్."

అమృతం కిటికీలోంచి చూసింది. పెరట్లో, మిరియాల్లాంటి కాయలు కాస్తుందని మిరియపు చెట్టు అని పిలిచే చెట్టు కింద నాలుగు రాళ్ళకుప్పలు, నాలుగూ తెల్లగా, ఎండలో పాలు పొంగినట్టు మెరుస్తున్నాయి. ఒక్కో కుప్ప మీద పుల్లలతో కట్టిన ఒక్కో సిలువ.

ఆమె చేసింది పెద్ద విషయమేమీ కాదు. నవంబరు రెండో తేదీ ఆత్మల పండుగ. నాగాయలంక దగ్గర తమ పేటలో ఆ రోజు ఇంటిల్లిపాదీ సున్నపు బకెట్లతో సమాధుల దొడ్డికి వెళ్ళేవాళ్ళు. బరింగా అనే ఈ మారుమూల ఊరికి ముప్ఫై మైళ్ళ ఇవతల, ఎడారి అంచున, సమాధి కనబడితే ఊరుకోవడం ఆమెకు చేతకాలేదు. షెడ్డులో ఉన్న సున్నపు బస్తా విప్పింది. తెల్లదనం తేలడానికి చిటికెడు నీలిమందు కలిపింది. గోనెపీచు కుంచె కట్టుకుంది. సున్నం వేసి, సిలువలు గుచ్చి, కొవ్వొత్తులు వెలిగించి, పేర్లు తెలియని ఆ పసివాళ్ళ కోసం జపమాల చెప్పుకుంది.

"ముగ్గురు తమ్ముళ్ళు చెల్లెళ్ళు అక్కడున్నారని ఆవిడే చెప్పింది కదా," అంది మెల్లిగా. "నాలుగోది కూడా వాళ్ళలో ఒకటే అనుకున్నాను."

"ముగ్గురు అని చెప్తే నాలుగు ఎలా అనుకుంటారత్తయ్యా?"

"ఒకళ్ళని లెక్కలో చెప్పుకోలేని ఇళ్ళు ఉంటాయమ్మాయ్."

 

"సరే, ఇదీ మంచిదే అయింది," అంది జాక్లిన్ చివరికి. "ఖాళీ చేద్దాం. సోనియాని అంత దూరాన పారమట్టా సిటీలో మా అక్క దగ్గర పెట్టి రెండేళ్ళయింది. ఫోన్ చేస్తే 'హలో మమ్, హౌ ఆర్ యూ' అంటుంది, బస్సులో పక్కసీటావిడతో మాట్లాడినట్టు. నేను అక్కడ హాస్పిటల్‌కి అప్లై చేస్తాను."

"నా కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళుంది," అన్నాడు రాయప్ప.

"మీరుండండి. డాక్టర్లకి క్వార్టర్స్‌లో ఒక రూమ్ ఇస్తారు. అత్తయ్య..."

ఆగిపోయింది. అత్తయ్య ఎక్కడుండాలో ఆ వాక్యం చెప్పలేదు. అమృతం ఆ మిగిలిన ఖాళీకేసి చూస్తూ కూర్చుంది. జీవితంలో ఇలాంటి ఖాళీలు ఆమె చాలానే చూసింది. ముందు ఒక వాక్యం సగంలో ఆగుతుంది. తర్వాత పెట్టెలు సర్దుతారు.

"ఇల్లు పోతుందని అమ్మని అంటున్నావు గానీ," రాయప్ప గొంతు తగ్గించాడు. "ఎడిత్ నీతో చెప్పింది నువ్వు అమ్మకి ముందే చెప్పుంటే ఈ గొడవే లేదు."

"ఏం చెప్పింది?" అంది అమృతం.

జాక్లిన్ ఉప్పు సీసాని అటూ ఇటూ జరిపింది. నర్సుగా వార్డులో ఎడిత్‌కి రోజూ స్నానం చేయించేది ఆమే. ఆదివారాల్లో వరండాలో కూర్చుని ఎడిత్ మాటలు అమృతానికీ, అమృతం మాటలు ఎడిత్‌కీ చెప్పేదీ ఆమే.

"చెప్పకుండా వదిలేసిన ముక్క ఒకటి ఉందత్తయ్యా. ఆ నాలుగోది సమాధి కాదు."

"మరి?"

"ఎడిత్‌కి తొమ్మిదేళ్ళప్పుడు, పంతొమ్మిదివందల పద్నాలుగులో, వాళ్ళమ్మ క్లారా కాన్పుకని బరింగాలో మిడ్‌వైఫ్ ఇంటికి వెళ్ళి ఆరువారాలుంది. ఎడిత్‌ని తోడు తీసుకెళ్ళింది. ఇక్కడ వాళ్ళ నాన్న, అన్న టామ్, ఇద్దరే. టామ్‌కి పదహారు. వీళ్ళు బేబీతో తిరిగొచ్చేసరికి టామ్ లేడు. ఒంటెలవాళ్ళతో రైలు దగ్గరికి వెళ్ళిపోయాడు, సముద్రం చూస్తానన్నాడు, ఉత్తరం రాస్తాడు అన్నాడట నాన్న. ఇదిగో ఇక్కడే నాతో చెయ్యి కలిపి వెళ్ళాడు అని ఆ చెట్టు కింద ఒక పెద్ద బల్లరాయి పెట్టాడట, గుర్తుకి."

"రాశాడా?"

"లేదు. ఒంటెల మీద టపా వచ్చి, టామ్ ఉత్తరం లేకుండా వెళ్ళిన ప్రతిసారీ క్లారా ఒక రాయి తెచ్చి అక్కడ పెట్టేది. పోయేదాకా పెట్టింది. ఆవిడ తర్వాత ఎడిత్ పెట్టింది, హాస్పిటల్లో చేరేదాకా. టామ్ పోయాడని ఆ ఇంట్లో ఒక్కరు కూడా ఒక్కసారి కూడా అనలేదత్తయ్యా. మనం దాని మీద సిలువ గుచ్చాం."



"నాకెందుకు చెప్పలేదమ్మాయ్?"

జాక్లిన్ తల దించుకుంది. "చెప్తే మీకు ప్రసూన గుర్తొస్తుందని."

జ్ఞానప్రసూన. ఆ పేరు ఈ దేశానికి వచ్చాక ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. రాయప్ప లేచి బయటికి వెళ్ళిపోయాడు. జాలీ తలుపు వెనకాల టప్పున కొట్టుకుంది.

*

మర్నాడు పొద్దున్న అమృతం ఇల్లంతా ఒకసారి తిరిగింది. వదిలి వెళ్ళాల్సిన ఇల్లు ఒక్కసారిగా ఎంతో దగ్గరగా కనిపిస్తుంది.

ఈ ఇంట్లో ఆమె ఉంటున్నది పద్నాలుగు నెలలే. కానీ ఎడిత్ చెప్పిన కబుర్లతో దీని బాల్యమంతా ఆమెకు తెలుసు. వెనక గది గోడలు కిరసనాయిలు డబ్బాలు విప్పి, సాపు చేసి కొట్టినవి. కింద నేల చెదపుట్టల మన్ను తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టినది, ఎనభై ఏళ్ళయినా పలకలా నున్నగా ఉంది. ఆ గదిలో చెప్పుల్లేకుండా నడిస్తే అమృతానికి తన పుట్టింటి పేడ అలికిన అరుగు కాళ్ళకు తగులుతుంది.

క్లారా పంతొమ్మిది రోజులు ఎద్దుబండిలో కూర్చుని ఇక్కడికి వచ్చిందట. ఒడిలో ఒక గులాబీ కొమ్మ, తడిగుడ్డలో చుట్టి. తన తాగునీళ్ళలోంచి దానికి రోజూ నాలుగు చుక్కలు పోసేదట. ఇల్లు చేరిన రోజే అది ఎండిపోయింది. ఎందుకు వచ్చానా అని కాదు, కొమ్మ కోసమే ఏడ్చానని కూతురికి చెప్పిందట.

నీళ్ళు ఎక్కడున్నాయో చూపించింది ఈ నేల ఆదివాసి మనుషులేనని, తర్వాత ఆ ఊట చుట్టూ కంచె వేసి వాళ్ళని దూరంగా ఉంచింది తన తండ్రేనని ఎడిత్ ఒకసారి చెప్పింది. 

ఆరునెలలకోసారి ఒంటెలు వచ్చేవి. పిండి, టీ ఆకు, గుర్రపు నాడాలు, టపా. దూరాన దుమ్ము లేస్తే రెండు గంటల తర్వాత గానీ మనిషి కనిపించడు. ఆ రెండు గంటలూ క్లారా జుట్టు దువ్వుకుని, ఉతికిన ఏప్రన్ కట్టుకుని వరండాలో నిలబడేది.

అమృతం కూడా ఇప్పుడు అక్కడే నిలబడింది. ఎర్రని నేల చివర ఎండమావి కదులుతోంది. అందులో ఒక వరస నీడలు తలకిందులుగా ఈదుకుంటూ వస్తున్నట్టు అనిపించింది. ఒంటెలు కావచ్చు. కృష్ణ పాయ మీద పడవలూ కావచ్చు. ఎండమావిలో అన్ని దూరాలూ ఒక్కటే. తన పక్కన కమ్మీ పట్టుకుని ఇంకో ఆడమనిషి నిలబడినట్టు, ఆమె ఊపిరి వినబడుతున్నట్టు తోచింది. తిరిగి చూడలేదు. చూస్తే వెళ్ళిపోతుంది.

"మా నాన్న నెత్తిన టోపీ తియ్యడం ఎవరూ చూడలేదు," అని ఎడిత్ ఒక ఆదివారం నవ్వుతూ చెప్పింది. "భోజనం దగ్గరా అంతే. సాయంత్రం మిరియపు చెట్టు కింద కూర్చున్నప్పుడు మాత్రం తీసి మోకాలి మీద పెట్టుకునేవాడు."

ఆ పసివాళ్ళ దగ్గర కదా, అనుకుంది అప్పుడు అమృతం.

"అత్తయ్యా, నేను డ్యూటీకి వెళ్తున్నా," అంది జాక్లిన్ కారు తాళాలు తీసుకుంటూ.

"నేనూ వస్తాను."

"ఆవిడ మీతో మాట్లాడకపోవచ్చు."

"మాట్లాడకపోతే కూర్చుని వస్తాను."

*

ఎడిత్ పామర్ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తెల్ల దుప్పటి కింద పిట్టంత మనిషి. అమృతం కుర్చీ లాక్కుని కూర్చుంది. జాక్లిన్ మంచం కాళ్ళ దగ్గర నిలబడింది.

గోడ వైపు నుంచే మాట వచ్చింది.

"మీ అత్తగారేనా? ఆ సబ్బు వాసన నాకు తెలుసు."

"తప్పయిపోయిందని చెప్పు," అంది అమృతం. "తెలియక చేశానని చెప్పు. మా వైపు పోయినవాళ్ళకి చేసే మర్యాద అదేనని చెప్పు."

జాక్లిన్ చెప్పింది. ఎడిత్ కదల్లేదు.

"పోయినవాళ్ళకి," అంది.

 పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట, భాష తెలియని మనిషికి చెప్పడం అమృతానికి తేలికనిపించింది.

"నాకూ ఒక పిల్ల ఉంది. రాయప్ప తర్వాతది. సముద్రం ఒడ్డు ఊళ్ళో బడిపంతులమ్మగా చేరి నాలుగు నెలలు. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చింది. బడి లేదు, ఊరు లేదు. మనిషి దొరకలేదు. గుడ్డముక్క కూడా దొరకలేదు. ఫాదరుగారు పూజ పెట్టిస్తానన్నారు. వద్దన్నాను."

జాక్లిన్ మధ్యలో రెండుసార్లు ఆగి, కళ్ళు తుడుచుకుని చెప్పింది. ఎడిత్ నెమ్మదిగా ఇటు తిరిగింది. నీలిరంగు వెలిసిపోయిన కళ్ళు.

"మీ అమ్మాయికి కొవ్వొత్తి వెలిగించారా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదు. ఆ రోజున మా ఆయనకి ఒకటి, మా అమ్మకీ నాన్నకీ చెరొకటి. దానికి లేదు. అది వస్తుందేమో."

"మరి మా టామ్‌కి ఎందుకు వెలిగించారు?"

జాక్లిన్ ఆ మాట తెలుగులో చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక ఊరుకుంది. అక్కర్లేదు. అమృతానికి అర్థమైంది. ఆమె ఎడిత్ చేతి మీద తల ఆనించి ఏడ్చింది. ఎడిత్ చెయ్యి లాక్కోలేదు, నిమరనూ లేదు. ఆ చెయ్యి అలాగే ఉంది, ఎండలో వదిలేసిన తాడులా.

"మా అమ్మ పెట్టినట్టే ఉండాలి," అంది ఎడిత్ చివరికి. "తెలుపు కనబడకూడదు. సిలువ ఉండకూడదు. శుక్రవారం సాయంత్రం నన్ను తీసుకురండి. చూస్తాను. అమ్మ కుప్ప నాకు కనిపిస్తే ఆ ఉత్తరం చింపేయండి. లేకపోతే లేదు."

డ్యూటీ అయ్యాక జాక్లిన్ అత్తగారిని కారులో ఇంటికి తీసుకొచ్చింది.

"అత్తయ్యా," అంది కంచె దగ్గర కారు ఆపి. "నేను పారమట్టా వెళ్ళినా మిమ్మల్ని వదిలేసి వెళ్దామని కాదు. ఆ మాట ఎలా పూర్తి చెయ్యాలో తెలియలేదు నాకు."

"ఇప్పుడు తెలిసిందా?"

"లేదు."

అమృతానికి ఎందుకో నవ్వొచ్చింది. "అబద్ధం చెప్పలేదు, అది చాల్లే," అంది.

*

సున్నం కడిగితే పోలేదు. తడి గోనెతో రుద్దితే రాయంతా పాలు కారినట్టయింది. చివరికి అమృతం ఒక ఉపాయం ఆలోచించింది. సున్నం పడింది పైముఖాలకే. ప్రతి రాయీ తీసి, తెలుపు లోపలికి తిప్పి, మళ్ళీ దాని చోటున అదే పెడితే సరి.

"నేను తిప్పుతానుండమ్మా," అన్నాడు రాయప్ప గురువారం సాయంత్రం.

"వద్దు. నా చేత్తో వేశాను. నా చేత్తోనే తీస్తాను."

"నీ నడుం..."

"నా నడుం సంగతి డాక్టరుగా చెప్తున్నావా, కొడుకుగా చెప్తున్నావా?"

"రెండూ."

"అయితే ఇద్దరూ లోపలికెళ్ళి కూర్చోండి."

అతను నవ్వలేక నవ్వి వెళ్ళిపోయాడు. వెళ్తూ గడ్డపార తెచ్చి చెట్టుకి ఆనించి పెట్టాడు.

ముందుగా సిలువ పీకింది. తర్వాత పైవరస రాళ్ళు ఒక్కొక్కటే తీసి, తీసిన వరసలోనే పక్కన పేర్చుకుంది. కొన్ని గుప్పెడంత, కొన్ని రెండు చేతులూ పట్టేవి. ఇది ఏ టపా నాటిదో. ఇది పెట్టిన రోజు వాన పడిందేమో. ఇది పెట్టినప్పుడు క్లారాకి కోపం వచ్చిందేమో, విసిరినట్టు ఒక అంచు చితికి ఉంది. అడుగుకు పోయేకొద్దీ రాళ్ళు పెద్దవయ్యాయి. వయసులో ఉన్న ఆడమనిషి మొయ్యగలిగిన రాళ్ళు. పైకి వచ్చేకొద్దీ చిన్నవి, ముసలి చేతులవి.

శుక్రవారం మధ్యాహ్నం మూడయ్యేసరికి కుప్ప అంతా విప్పినట్టయింది. అడుగున తండ్రి పెట్టిన బల్లరాయి ఒక్కటే మిగిలింది. దాని అంచుకీ సున్నం కారింది.

దాన్ని వదిలేద్దామా అనుకుంది. కానీ మాట ఇచ్చింది. గడ్డపార మొన అంచు కిందికి దూర్చి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. రాయి మూలిగినట్టు లేచి అవతలికి ఒరిగింది.

కింద మన్ను లేదు. రాళ్ళు పరిచి, మధ్యలో చిన్న గూడులా కట్టి ఉంది. అందులో బోర్లించి ఒక పలక. చెక్క చట్రం చెదలు తినేశాయి. బడిపిల్లల నల్ల పలక, అంతే.

అమృతం మోకాళ్ళ మీద కూలబడి పలక తీసి కొంగుతో తుడిచింది. మేకుతో గీసిన అక్షరాలు. లోతుగా, తెల్లగా, నిన్న గీసినట్టున్నాయి.

తెలుగు అక్షరాలు ఆమె ముప్పయ్యో ఏట, సరుకులు చుట్టి వచ్చిన కాగితాలు చూసి నేర్చుకుంది. ఇంగ్లీషువి ఈ ఇంట్లోనే, జాము సీసాలూ పిండి సంచులూ మందు డబ్బాలూ చూసి నేర్చుకుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది.

థామస్ పామర్. పదహారేళ్ళు.

తర్వాతి మాట ఆమెకు బాగా తెలుసు. రాయప్ప మందుల బీరువాలో ప్రతి డబ్బా మీదా ఉంటుంది. జ్వరం.

కింద చిన్న అక్షరాలతో ఒక వరస. అందులో క్లారా పేరు ముందు గుర్తుపట్టింది. మిగతా మాటలు ఒకటి పక్కన ఒకటి పేర్చుకునేసరికి చాలాసేపు పట్టింది.

క్లారాకి చెప్పలేకపోయాను.

గాలి ఆగిపోయింది. మిరియపు చెట్టు కొమ్మలు దించుకుని వింటున్నట్టు నిలబడింది. ఆ కొమ్మల కింద ఒక మగమనిషి కూర్చుని ఉన్నట్టు, మోకాలి మీద టోపీ ఉన్నట్టు ఆమెకు కనిపించింది. బాలింతరాలైన భార్య పసిబిడ్డతో బండి దిగుతుంటే, రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు రాకముందే టపా వచ్చి వెళ్ళింది, ఆమె మొదటి రాయి తెచ్చింది. ఇక ఎలా చెప్తాడు? కొడుకు మీద తల్లి రాళ్ళు పేరుస్తుంటే పక్కన కూర్చుని టోపీ తీశాడు, జీవితాంతం.

అమృతం వేసిన సున్నం తప్పు కాదు. పెట్టిన సిలువ తప్పు కాదు. ఆ సంగతి తెలిసి ఆమెకు సంతోషం కలగలేదు. 

దూరాన దుమ్ము లేచింది.

ఒంటెలకి రెండు గంటలు పట్టేది. జాక్లిన్ కారుకి పది నిమిషాలు. పలక మళ్ళీ గూటిలో పెట్టి, బల్లరాయి దించి, రాళ్ళు పేర్చడానికి పది నిమిషాలు చాలవు. చాలినా చేతులు లేవడం లేదు. నాగాయలంకలో ఎవరో తన కోసం ఇలాంటి పలక ఒకటి కొంగులో దాచుకుని నిలబడి ఉంటే, అందులో ప్రసూన పేరుంటే, చూపించమంటానా, వద్దంటానా? పన్నెండేళ్ళుగా ప్రార్థనలో దేవుణ్ణి అడిగింది ఏమిటో ఆమెకే తెలియలేదు.

కారు తలుపు చప్పుడైంది. జాక్లిన్ చెయ్యి పట్టుకుని ఎడిత్ నడిచి వస్తోంది. ఉతికిన గౌను, దువ్విన జుట్టు. అమృతం పలకని కొంగు కిందికి లాక్కుని లేచి నిలబడింది.

"అయ్యో అత్తయ్యా, ఇదేంటి, మొత్తం విప్పేశారా!" అంది జాక్లిన్. "ఆవిడ సాయంత్రం వస్తానంది కదా..."

ఎడిత్ ఆమెని ఆపమన్నట్టు చెయ్యెత్తింది. తల్లి మోసిన రాళ్ళు వరసగా నేల మీద పడుకుని ఉన్నాయి. ఒరిగిన బల్లరాయి ఉంది. దాని కింద, చేత్తో కట్టిన గూడు ఉంది. ఎడిత్ వాటినన్నిటినీ చూసింది. గూడుని ఇంకాస్త ఎక్కువసేపు చూసింది.

తర్వాత కళ్ళు పైకెత్తి అమృతం ముఖంలోకి, అక్కణ్ణించి కొంగు కింద బిగించి పట్టుకున్న చేతి మీదికి చూసింది.

"అందులో ఏముంది?" అంది.

అడిగింది ఇంగ్లీషులోనే. జాక్లిన్ తెలుగులో చెప్పబోయింది. అర్థమైంది, చెప్పనక్కర్లేదన్నట్టు అమృతం కోడలి వైపు తల అడ్డంగా ఊపింది.